ఇంగిలి ముల్లు

(మన సంఘపు నెలవారీ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మధురలో కూర్చుండి సముద్రపు చేపను గూర్చి ప్రసంగించుట ఏమి వింత యని మీలో కొందరు అనుకొనవచ్చును. మనము కడలి యొడ్డు జనము కాము. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుని యేలుబడి ఇచట నెలకొనినది. దానికి ముందును వెనుకను మన పూర్వులు పలు తెఱగుల ఈ నేలకు వచ్చిరి. కొందరు కత్తి పట్టి వచ్చిరి. కొందరు నాగలి పట్టి నల్లరేగడి నేలలు దున్నిరి. కొందరు మగ్గపు గుంటలో కూర్చుండిరి. కోయంబత్తూరు సీమలోని మనవారి కథయు ఇట్టిదే. మనకు తెలిసిన నీరు చెరువు నీరు, బావి నీరు, వైగై నీరు, నొయ్యల్ నీరు. మనకు తెలిసిన విషము పాము విషము, తేలు విషము. ఇంటిలో ఎవరినైన తేలు కుట్టినచో ఏమి చేయవలయునో మన అవ్వలు తడుముకొనక చెప్పెడివారు.

కాని నేడు కాలము మారినది. రామేశ్వరము, తూత్తుకుడి, కేరళ తీరములనుండి మంచుపెట్టెలలో సముద్రపు చేపలు మధుర బజారునకు, కోయంబత్తూరు ఉక్కడము బజారునకు వచ్చుచున్నవి. మన పిల్లలు సెలవు దొరికిన తోడనే గాలపుకఱ్ఱ పుచ్చుకొని తొండికి, మండపమునకు పోవుచున్నారు. రామేశ్వర యాత్రకు పోయినవారు వట్టికాళ్లతో ఒడ్డున నడచుచున్నారు. సముద్రము మన గుమ్మము లోనికి వచ్చినది. సముద్రమును గూర్చిన తెలివి మాత్రము ఇంకను రాలేదు. ఆ కొఱత వలన ఏమి జరుగునో నా యింటిలోనే చూచితిని గనుక ఈనాడు మీ యెదుట నిలిచితిని.

ఇది ముప్పది యేండ్ల నాటి మాట. తొండికి దక్షిణమున నున్న ఒక చిన్న జాలరి పల్లెకు మేము నలుగురము పోయితిమి. మా అక్క కొడుకునకు అప్పటికి పదునేడేండ్లు. ప్రొద్దు క్రుంకిన పిదప పడవల రేవు చెంత కూర్చుండి గాలములు వేసితిమి. కొంతసేపటికి వాని గాలమునకు ఒక చేప పడెను. జానెడు పొడవు, నల్లని యొడలు, ప్రక్కల తెల్లని చారలు, నోటి చుట్టు మీసములు. తోక పాము తోక వలె సన్నగిలియున్నది. "మామా, ఇది పాముపిల్ల వలె నున్నదే!" అని నవ్వుచు వాడు దానిని పిడికిట పట్టెను. మరుక్షణమున కేక వేసెను. కుడిచేతి చూపుడు వ్రేలి కీలు వద్ద ముల్లు దిగినది.

నేను ఏమి చేసితి ననుకొన్నారు? పాము కాటునకు ఆనాడు మనవారు చేయుచుండినదే చేసితిని. చేతిరుమాలు చింపి మణికట్టునకు బిగించి కట్టితిని. బ్లేడుతో గాయమును కోసి నెత్తురు పిండితిని. ఆ సమయమున ప్రక్క గుడిసె నుండి ఒక వృద్ధురాలు పరుగున వచ్చెను. ఆమె చేతిలో వేడినీళ్ల చెంబు కలదు. "అయ్యా, ఆ కట్టు విప్పండి, చేయి ఇందులో ముంచండి" అని ఆమె తన తమిళమున బ్రతిమాలెను. నేను చదువుకొన్నవాడను గదా! పల్లెటూరి చిట్కా యని తలచి ఆ చెంబును చేతితో నెట్టివేసితిని. నీళ్లు ఇసుకలో ఇంకిపోయెను.

ఆసుపత్రికి చేరుసరికి అర్ధరాత్రి దాటెను. కట్టు బిగువునకు చేయి నీలివన్నె తిరిగియుండెను. విఱిగిన ముల్లు ముక్క లోపలనే యుండెను. నేను కోసిన కోత తరువాత చీము పట్టెను. రెండు మార్లు శస్త్రచికిత్స జరిగెను. వ్రేలు దక్కినది గాని నేటికిని వంగదు. వాడు ఎడమచేతితో వ్రాయుట నేర్చుకొనెను. ఆనాడు వైద్యుడు నాతో అనిన మాట ఒక్కటే: "ఆ ముసలమ్మ చెప్పినట్లు చేసియున్న బాగుండెడిది." నాటినుండి ఈ చేపను గూర్చి దొరికినదెల్ల చదివితిని. ఒడ్డున జాలరులు కనబడిన చోటనెల్ల అడిగితిని. ఆ సారమే ఈ ప్రసంగము.

ఇది జెల్ల తెగలోని చేప. తమిళమున ఈ తెగను కెళుత్తి యందురు. శాస్త్రజ్ఞులు దీనికి ప్లోటోసస్ లీనియేటస్ అని పేరిడిరి. లీనియేటస్ అనగా గీతలు గలది యని యర్థము. మన యిండ్లలో దీని తెలుగు పేరు మఱుగుపడినది గాని, పేరు లేకపోలేదు. విశాఖపట్టణమున ఈస్టిండియా కంపెనీ కొలువులో నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు ఆ తీరమున సేకరించిన 200 చేపలను బొమ్మలతో వర్ణించి 1803లో లండనులో రెండు సంపుటములుగ ప్రకటించెను. రక్తపింజరకు ఆంగ్లమున రస్సెల్ పేరు వచ్చినది ఈయన వలననే. అచటి జనుల నోట వినిన పేర్లను ఆయన తన గ్రంథమున పొందుపఱచెను. తాకినంతనే చేతిని మొద్దుబాఱజేయు విద్యుత్తు చేపకు ఆయన వ్రాసిన పేరు తెమెరీ. అది మన తిమ్మిరియే యని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ మీసాల చేపకు ఆయన వ్రాసిన పేరు ఇంగిలీ. ఆంధ్రదేశపు చెరువులలో నుండు ముల్లుచేపను నేటికిని ఇంగిలికము అనుచున్నారు. కనుక నేనును దీనిని ఇంగిలి యనియే పిలిచెదను.

ఇంగిలి ఎఱ్ఱసముద్రము మొదలు జపాను వఱకు గల వెచ్చని సముద్రములందు వసించును. మన మన్నారు సింధుశాఖలోను, పాక్ అఖాతములోను కలదు. సూయజు కాలువ గుండ మధ్యధరా సముద్రమునకు సైతము చేరి, 2001లో ఇజ్రాయేలు తీరమున మొదటిసారి కనబడెను. నేడు అచటి జాలరులకును ఇది యొక బెడద. దీని పొడవు ఇంచుమించు ఒక అడుగునకు మించదు. పొలుసులు లేవు. నోటి చుట్టు నాలుగు జతల మీసములు. తోక చీలియుండక, వెన్ను రెక్కతోను క్రింది రెక్కతోను కలసి కత్తి మొన వలె ముగియును. చిన్న చేపలు నూఱేసి గుంపు గూడి బంతి వలె దొరలుచు పోవును. జపానువారు ఈ తెగ చేపను గొంజుయి యనియు, ఆ గుంపును గొంజుయి బంతి యనియు పిలుతురు. ఒడ్డు నీటిలో ఈ నల్లని బంతిని చూచి పిల్లలు తువ్వాలుతో తోడబోవుదురు. తోడనీయకుడు. పిల్లచేపకును ముల్లు కలదు.

దీని దాయాదులను గూడ గుర్తింపవలెను. ఏటి మొగలలో నుండు పెద్ద ఇంగిలికి చారలు లేవు. బూడిదవన్నెతో ఒకటిన్నర మీటరు వఱకు పెరుగును. 1822లో దీనికి శాస్త్రనామ మొసగినవాడు ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్. టిప్పు సుల్తాను పతనమైన మరుసటి యేట, అనగా 1800లో, మైసూరు నుండి మలబారు వఱకు దేశమును పరిశీలించుచు కోయంబత్తూరు సీమను చూచి వ్రాసిన బుకానన్ ఈయనయే. మన బజారులో తఱచుగ కనబడు సముద్రపు జెల్లలు వేఱు. వాని తోక చీలియుండును. వానికిని ఇట్టి ముండ్లే కలవు. ఇక చెరువులలోను, బురద గుంటలలోను నుండు తేళి యున్నది. దానికి వెన్నుముల్లు లేదు గాని, ప్రక్కల నుండు రెండు ముండ్లును విషము గలవి. తేళి యను తమిళ నామము వినినంతనే మనకు తేలు జ్ఞప్తికి వచ్చును. దాని పోటును అట్టిదే. కాబట్టి కోయంబత్తూరు సోదరులు తమకు సముద్రము లేదు గదా యని నిశ్చింతగ నుండరాదు. 2009లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెరెమీ రైట్ లెక్కించి చూడగా, మీసాల చేపలలో విషము గల జాతులు కనీసము 1,250, బహుశః 1,600కు పైగా నుండవచ్చునని తేలినది.

ఇప్పుడు ముల్లును గూర్చి. ఇంగిలికి మూడు ముండ్లు: వెన్నుపై ఒకటి, మొప్పల వెనుక ఇరుప్రక్కల ఒక్కొక్కటి. పాము కోఱకు వలె దీనికి విషము ప్రవహించు గొట్టము లేదు. ముల్లుపై పలుచని చర్మపు ఒర యున్నది. విషము గల కణములు ఆ ఒర లోపల ముల్లును అంటియుండును. ముల్లు మన కండలో దిగునపుడు ఒర చిరిగి విషము గాయములో కలియును. ముల్లు అంచున ఱంపపు పండ్ల వంటి కొక్కెములు కలవు. అందుచేత లాగునపుడు కండ చీలును, ముక్కలు లోపల నిలిచిపోవును. మఱియొక విశేషము: చేప బెదరినపుడు ముల్లును నిక్కించి మొదటి యెముకలో గడియ వేసినట్లు బిగించుకొనును. మనము మీదినుండి నొక్కినను అది వాలదు. చచ్చిన తరువాతను ముల్లు నిక్కియే యుండవచ్చును, విషమును వెంటనే పోదు. చచ్చినది గదా యని, మంచులో నున్నది గదా యని చేయి వేసినవారే పలుమార్లు గాయపడుచున్నారు. ఒడ్డున పాఱవేసిన జెల్ల తలను త్రొక్కిన యాత్రికుడు చేప నేరము చేసినదని అనరాదు.

ఇంగిలిని పట్టువారు మొదట దాని వేళ తెలిసికొనవలెను. పగలు ఱాళ్ల సందులలో దాగి, చీకటి పడిన తరువాత నేల వెంబడి మీసములతో వెదకుచు తిరుగును. నేలలో దాగిన పురుగు శ్వాసించుటచే నీటి పులుపు లేశమాత్రము మారినను, జపాను తీరమున నుండు ఇంగిలి దగ్గఱి దాయాది పసిగట్టునని 2014లో జపాను, అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కనుక రాత్రివేళ రొయ్యముక్కయో, వానపామో గ్రుచ్చి గాలమును అడుగునకు వదలినవానికి ఇంగిలి పడుట సహజము. రేవున దీపము లేకుండ రాత్రి గాలము వేయుటయే మేము చేసిన మొదటి తప్పు. మన్నారు సింధుశాఖలోని 21 దీవుల చుట్టు గల నీరు 1986 నుండి జాతీయోద్యానముగ కాపాడబడుచున్నది గనుక అచట గాలము వేయరాదనియు యువకులు గుర్తుంచుకొనవలెను.

నేను జాలరుల వద్ద నేర్చినది చెప్పుచున్నాను. మొదటి సూత్రము: మీసము కనబడిన చేయి వేయరాదు. ఏ జాతి యని తర్కింపక, దీపము దగ్గఱకు తెచ్చి నోరు చూడుడు. చేప నీటినుండి పైకి వచ్చునపుడు త్రాటిని పొట్టిగ పట్టి మీవైపు ఊపకుడు. అది వచ్చి తొడకు తగులును. మెల్లగా దూరమున నేలపై దింపుడు. కాలితో త్రొక్కి పట్టకుడు. పలుచని చెప్పు అడుగును ముల్లు దాటగలదు. గుడ్డ చేతితొడుగును నమ్మకుడు. చేప అక్కఱలేనిచో నోటి దగ్గఱ త్రాడు కత్తిరించి, కఱ్ఱతో నీటిలోనికి నెట్టివేయుడు. ఒక గాలము పోయిన పోవును, వ్రేలు దక్కును.

చేప కావలెనన్నచో, కఱ్ఱతో తలపై కొట్టి కదలిక ఆగువఱకు వేచియుండుడు. పిమ్మట చెక్కతో తలను నొక్కిపట్టి, పొడుగు మూతి పటకారుతో ముండ్లను మొదటికంట విఱువుడు. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కించుడు. మూడవది మఱచినవాడే గ్రుచ్చుకొనును. విఱిచిన ముండ్లను ఇసుకపై పాఱవేయక ఒక డబ్బాలో వేసి మూతపెట్టి పూడ్చివేయుడు. వలలో చిక్కినచో చేతితో విడదీయబోక, కన్నులు కత్తిరించుడు. ఏండ్ల తరబడి సముద్రముపై బ్రతికిన జాలరి జెల్లను వట్టిచేత ఒడుపుగ పట్టుట మీరు చూడవచ్చును. అది వాని సాధన, మనము అనుకరింపరాదు.

ఇల్లాండ్రకు ఒక మాట. బజారున జెల్ల కొనునపుడు అచటనే ముండ్లు తీయించి తెచ్చుకొనుడు. ఇంటికి వచ్చిన పిదప సంచిలో చేయి పెట్టి తీయక, పళ్లెములో గ్రుమ్మరించి చూడుడు. వండిన పిదప భయము లేదు. ఈ విషము మాంసకృత్తు జాతిది. పొయ్యి వేడిమికి చెడిపోవును. జెల్ల పులుసు తినినవానికి ఇందువలన హాని లేదు.

ఇక ముల్లు గ్రుచ్చుకొనినచో ఏమి చేయవలయును? ముల్లు దిగినంతనే అగ్ని వంటి పోటు పుట్టి, పైకి ప్రాకును. గాయము చుట్టు మొదట తెల్లబాఱి, తరువాత ఎఱ్ఱబడి వాచును. కొందరికి చెమట పోసి కండ్లు తిరుగును. గాయపడినవానిని నీటినుండి వెలికి తెచ్చి కూర్చుండబెట్టుడు. వాపు రాకమునుపే ఉంగరములు తీయుడు. శుభ్రమైన నీటితో గాయమును కడుగుడు. పైకి కనబడు ముల్లు ముక్కను చిమటాతో తీయవచ్చును. లోతుగ దిగినది, కీలులో గాని, మెడ, ఱొమ్ము, పొట్ట, కన్ను వద్ద గాని దిగినది కదల్పరాదు. అది వైద్యుని పని.

అటుపిమ్మట వేడినీళ్లు. ఓర్వగలిగినంత వేడి, అనగా 45 సెంటిగ్రేడు డిగ్రీలకు మించని నీటిలో గాయమును ముప్పది నిమిషముల నుండి తొంబది నిమిషముల వఱకు ముంచియుంచవలెను. చల్లారినకొలది మార్చుచుండవలెను. నీటి వేడిని గాయపడినవాడు ఆ చేతితో పరీక్షింపరాదు. పోటుచే మొద్దుబాఱిన చేతికి వేడి తెలియక కాలును. ప్రక్కనున్నవారు తమ చేయి ముంచి చూడవలెను. వేడిమికి ఈ విషము చాలవఱకు శక్తి కోల్పోవును. నొప్పియు అనేకులకు త్వరలోనే తగ్గును. ఆనాడు ఆ వృద్ధురాలు చెంబుతో తెచ్చినది ఈ వైద్యమే. నేడు వైద్యగ్రంథములు చెప్పుచున్నదియు ఇదియే.

చేయరానివి ఇవి. త్రాడు గాని గుడ్డ గాని బిగించి కట్టరాదు. కోయరాదు, నోటితో పీల్చరాదు. సున్నము, ఆకుపసరు పెట్టి కాలము గడపరాదు. కట్టి కోయుట పాము కాటునకే తగదని నేటి వైద్యులు ఘోషించుచుండగా చేప ముల్లునకు ఎట్లు తగును? పాము విషమునకు ఇచ్చు సూదిమందు దీనికి పనిచేయదు; ఈ చేప విషమునకు వేఱుగ విరుగుడు మందు లేదు.

నొప్పి తగ్గినది గదా యని ఇంటిలో కూర్చుండరాదు. వైద్యుని చూడవలెను. ధనుర్వాతము రాకుండ సూది వేయింపవలెను. లోపల ముక్క నిలిచినదేమో ఎక్స్‌రే తీయించి చూడవలెను. ఇది సముద్రపు చేప ముల్లు, సముద్రపు నీరు తగిలినది అని వైద్యునకు తప్పక చెప్పుడు. ఆ నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు గాయమును త్వరితముగ క్రుళ్లజేయగలవు, వానికి తగిన మందు వేఱుగ నుండును. మధుమేహము గలవారు, కాలేయ వ్యాధి గలవారు ఒక్క గంటయు ఆలస్యము చేయరాదు. ఎఱ్ఱదనము ప్రాకుట, జ్వరము, నల్లని బొబ్బలు కనబడినచో అది అపాయ సూచన. ఊపిరి ఆడకపోవుట, స్పృహ తప్పుట, ఱొమ్ము నొప్పి కలిగినచో వెంటనే 108కి ఫోను చేయుడు.

సోదరులారా, నేను దాచక చెప్పెదను. మా మేనల్లుని వ్రేలిని చెఱచినది ఇంగిలి యొక్కటియే కాదు. ముల్లు చేసిన గాయము చిన్నది. నా కట్టు, నా బ్లేడు చేసిన గాయము పెద్దది. తెలియకపోవుట నేరము కాదు. తెలిసినవారు ఎదుట నిలిచి చెప్పుచుండగా వినకపోవుట నేరము. నాలుగు వందల యేండ్లుగా మనము ఈ నేలను నమ్ముకొని బ్రతికితిమి. ఇచటి రైతు వద్ద వాన నేర్చితిమి, మట్టి నేర్చితిమి. సముద్రమును గూర్చి మాత్రము జాలరి వద్ద నేర్చుకొనుటకు మనకు నామోషీ యేల?

ఆ మరుసటి యేట నేను ఆ పల్లెకు మరల పోయితిని. ఆమె గుడిసె యెదుట వలకు పురి వేయుచుండెను. నన్ను గుర్తుపట్టి మొదట అడిగిన మాట, "బిడ్డ చేయి ఎట్లున్నది?" అని. నేను జరిగినది చెప్పి, అమ్మా, తప్పు నాదే యంటిని. ఆమె ఏమియు అనక లోపలికి పోయి త్రాగుటకు నీళ్లు తెచ్చియిచ్చెను. ఆ చెంబు ఆనాటి చెంబే. ఈసారి రెండు చేతులతో అందుకొంటిని.

ఈ పత్రికను చదువు ప్రతి కుటుంబమును నేను కోరునది స్వల్పము. మీసము గల చేపను ముట్టరాదనియు, ముల్లు దిగిన వేడినీళ్లే మొదటి మందనియు మీ పిల్లలకు ఈ రాత్రి భోజనము వేళ చెప్పుడు. ఇంగిలి యను పేరును గూడ చెప్పుడు. పేరు తెలిసిన పిల్లవాడు ముల్లును మఱువడు.